తాటిచెట్టు వెనక ముడి

పటమట, విజయవాడ
జూలై 28, 2025

అత్తయ్యా,

సినిమా వచ్చి నాలుగు రోజులైంది. నువ్వు ఫోనెత్తవు, ఎత్తినా "ఏదైనా ఉంటే ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. ముప్పయ్యొక్క ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన మనిషితో వాదించి గెలిచేదెవరు? పామర్రు ఇక్కణ్ణించి బస్సులో గంట. అయినా కవరు కొని రాస్తున్నాను.

చూసినవాళ్లంతా బొమ్మ అద్భుతం అంటున్నారు. ఉప్పెన లేచి ఊరి మీద పడే చోట హాల్లో ఒక్కరూ ఊపిరి తీసుకోలేదు. ఇక తాటిచెట్టు సీను! చీరతో చెట్టుకి కట్టుకున్న పిల్ల చుట్టూ కెమెరా ఒకే షాటులో పూర్తిగా తిరిగి వస్తుంది. దానికోసం సముద్రం ఒడ్డున పదిహేడు రోజులు వానలో నానాం.

ఆ వెంటనే అందరూ ఇంకో మాట అంటున్నారు, కథ నమ్మేలా లేదని. ఒక పత్రికవాడు "కంటికి పండగ, బుర్రకి పస్తు" అని రాశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేమైనా నేను అల్లిన కథా? డెబ్బై ఏడు ఉప్పెనలో పన్నెండేళ్ల పిల్ల వాళ్లమ్మ చీరతో తనని తానే తాటిచెట్టుకి కట్టుకుని బతికింది. ఆ పిల్ల ఇప్పటికీ ఉంది, పామర్రులో పింఛను తీసుకుంటూ నా ఫోను పెట్టేస్తోంది. నాన్న నాకు అన్నంతో కలిపి తినిపించిన కథ ఇది. అందుకే సినిమా మొదట్లోనే వేశాను: "యథార్థ గాథ. మా మేనత్త పద్మావతికి."

నమ్మనివాళ్లు నమ్మకపోనీ. నువ్వు చూసి రాయి, మొహమాటపడకుండా.

నీ రుచిత


పామర్రు
ఆగస్టు 1

రుచీ,

మొహమాటం వద్దన్నావు కాబట్టి కాసుకో.

మ్యాట్నీకి వెళ్లాను. హాల్లో నాతో కలిపి తొమ్మిదిమంది, అందులో ఇద్దరు ఏసీ కోసం వచ్చినవాళ్లు. ముందు మంచి చెబుతాను. ఆ నీళ్ల రంగు నీకెలా దొరికిందే? నలుపూ కాదు, బురదా కాదు. ఆ రంగు నాకొక్కదానికే తెలుసనుకున్నాను. కుర్చీ చెయ్యి పట్టుకుని బిగుసుకుపోయాను. నీ చేతిలో విద్య ఉంది, ఎవడేమన్నా లెక్కచెయ్యకు.

ఇక రెండోది. నీ హీరోయిన్ తొమ్మిది రోజులు నీళ్లలో నానినా కాటుక చెదరలేదు. అదేం కాటుకో చెబితే నేనూ కొనుక్కుంటాను. తొమ్మిది రోజులు తిండి లేని పిల్ల కొబ్బరిమట్టతో ఆరు కుక్కల్ని తరిమింది. ఒక్క రాత్రికే మాకు నాలుకలు పిడచకట్టుకుపోయాయి. ఆ హీరో ఎవడే, పడవలో నిలబడి జుట్టు ఎగరేసుకుంటూ వచ్చాడు? ఆ రోజుల్లో దివిసీమలో అలాంటివాడుంటే ఉప్పెనే సిగ్గుపడి వెనక్కి పోయేది. ఆ పసుపు పట్టుచీర సంగతి ఎత్తనే ఎత్తను.

తాటిచెట్టు సీను నేను చూడలేదు. అప్పుడు కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

అత్తయ్య


పటమట
ఆగస్టు 6

అత్తయ్యా,

సినిమాలో అందరూ చూసిన ఒకే ఒక్క సీను నువ్వు చూడలేదంటే నేను నమ్మాలి. సరే, ఆ సీను గురించే రాస్తున్నాను.

మొన్న ఆదివారం ఇక్కడ ఒక కాలేజీవాళ్లు ఆట వేసి, అయ్యాక చూసినవాళ్లని నన్ను ప్రశ్నలు అడగమన్నారు. వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. యాభైకి దగ్గర్లో ఉంటాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. చాలా మర్యాదగా అడిగాడు.

"ఫొటోగ్రఫీ చాలా బాగుందమ్మా. నాదొక్కటే సందేహం. ఆ పాప తాడిని కావిలించుకుని ఉంది. ముడేమో చెట్టు అవతల పక్క ఉంది. మీ కెమెరా చుట్టూ తిరిగి చక్కగా చూపించింది. అవతలికి చేతులు అందవు కదండీ. మరి ఆ ముడి ఎవరు వేశారండీ?"

హాలంతా గొల్లుమంది. ఎవరో ఫోనులో తీశారు, ఇప్పుడది ఊరంతా తిరుగుతోంది. నా పోస్టరు కనిపిస్తే చాలు, కింద "ముడి ఎవరు వేశారండీ" అని రాస్తున్నారు.

నేను అల్లలేదు కదా అత్తయ్యా! నువ్వే మీ వరండా స్తంభాన్ని కావిలించుకుని, వీపు మీదుగా తువ్వాలు చుట్టించుకుని, "ముడి అవతల పక్క" అని చూపించావు. నా దగ్గర వీడియో ఉంది. అంగుళం మార్చకుండా తీశాను.

ఇరవై నాలుగో తారీఖు గాంధీనగర్‌లో మీటింగు పెడుతున్నాం. పత్రికలవాళ్లు వస్తారు. సినిమాని టీవీల్లో, ఫోన్లలో చూపించే కంపెనీవాళ్లూ వస్తారు. "యథార్థ గాథ" అన్న మాట చూసే బేరం కుదుర్చుకున్నారు. నువ్వు వేదికెక్కి ఒక్క మాట చెప్పు, "ముడి నేనే వేసుకున్నాను" అని. అంతే. ఆ గొడుగాయన నోరు మూతపడాలి. కారు పంపిస్తాను.

రుచిత


పామర్రు
ఆగస్టు 8

రుచీ,

నేను రాను. మోకాళ్ల నొప్పి. పైగా వేదికలెక్కడం నాకు చేతకాదు.

ఆ వచ్చినాయన ఏ ఊరో కనుక్కున్నావా? పేరేమిటి?

కారు పంపకు.

అత్తయ్య


పటమట
ఆగస్టు 11

అత్తయ్యా,

మోకాళ్ల నొప్పట! మొన్న జూన్‌లో కూచిపూడి వెళ్లి మూడు గంటలు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని నాట్యం చూసిందెవరు? నువ్వు అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు. అందుకే నీకది రావడం లేదు.

ఆయన పేరు ఏసుపాదం. మీ పాత ఊరే, అవనిగడ్డ అవతల. హైస్కూల్లో లెక్కల మాస్టారు. పోట్లాడదామనే ఫోను చేశాను. ఆయన గొంతు పెంచలేదు. "మీ అత్తగారిని అడగండమ్మా, ఆవిడకి తెలుసు. మా అమ్మ కూడా ఇంకా ఉంది" అన్నాడు.

నిన్న ఏం చేశానో తెలుసా? షూటింగు చేసిన చోటికి వెళ్లాను. ఆ తాటిచెట్టునే కావిలించుకుని, వీపు మీదుగా చీర తిప్పి, అవతల ముడి వేసుకోవాలని చూశాను. నా చెయ్యి నీ పన్నెండేళ్ల చెయ్యికంటే పొడుగు. మోచేతులు చెక్కుకుపోయాయి. అందలేదు. రెండు చేతుల మధ్యా జానెడు ఖాళీ మిగిలింది.

వచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. "ఒక్క రాత్రికే మాకు నాలుకలు పిడచకట్టుకుపోయాయి" అని రాశావు. మాకు ఏమిటి? చెట్టు మీద నువ్వొక్కదానివే కదా?

ముడి ఎవరు వేశారు?

రుచిత


పామర్రు
ఆగస్టు 14

రుచీ,

సువార్తమ్మ వేసింది.

ఈ రెండు మాటలు రాయడానికి నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది. ఇంక ఆగను.

సువార్తమ్మ మా పొలంలో నాట్లు వేసేది. అప్పటికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆ సాయంత్రం అమ్మా, నాయనమ్మా ఇంట్లోనే పోయారు. నాన్న మీ నాన్నని తీసుకుని బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడు. నేను నీళ్లలో కొట్టుకుపోతుంటే ఒక చెయ్యి జడ పట్టుకుని లాగింది. చేను గట్టు మీద మట్టలు కొట్టని పొట్టి తాడి ఒకటుండేది. నన్ను ఆ మట్టల్లోకి ఎగదోసి, ఒంటి మీది చీర విప్పి, నా వీపు మీదుగా తిప్పి అవతల పక్క ముడి వేసింది. అవతలే ఎందుకంటే ఆవిడ అక్కడే ఉంది. నేనిటు, ఆవిడటు, మధ్యలో తాడి. నీకు జానెడు ఖాళీ మిగిలిందన్నావే, ఆ ఖాళీలో ఆవిడ చేతులుండేవి. తెల్లారేదాకా ఒకటే తిట్లు. "ఒసే పిల్లా, కళ్లు మూశావంటే చంపుతా!" ఆ తిట్లే నన్ను బతికించాయి.

నీ కెమెరా చెట్టు చుట్టూ తిరిగినప్పుడు నేను చూశాను. కళ్లజోడు తుడుచుకోలేదు. ముడి ఉంది, మనిషి లేదు.

ఆ తర్వాత ఐదు రోజులు వాళ్ల గూడెం మనుషుల మధ్యే ఉన్నాను. ఆవిడ కంచంలో తిన్నాను, ఆవిడ పక్కన పడుకున్నాను. మా నాన్న, అదే మీ తాత వెంకటకృష్ణారావు, వచ్చి నన్ను కావిలించుకుని ఏడ్చాడు. ఒంటికి చుట్టుకున్న ఆ చీరతోనే నన్ను ఇంటికి తీసుకెళ్తూ దారిలోనే చెప్పాడు. "గూడెంలో ఉన్నావనీ, వాళ్ల చేతి కూడు తిన్నావనీ ఎవరితోనూ అనకు. రేపు పెళ్లి కావలసినదానివి. చీర మీ అమ్మది. ముడి నువ్వే వేసుకున్నావు." నేను తలూపాను. బళ్లో సభ పెట్టి ధైర్యవంతురాలని దండ వేశారు. మీ నాన్న అదే విన్నాడు, నీకదే చెప్పాడు. వాడి తప్పేం లేదు.

పన్నెండేళ్ల పిల్లది మాత్రం తప్పేముందని నువ్వంటావు. విను. ఆరు నెలల తర్వాత సువార్తమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. "నా పెళ్లిచీరయ్యా, నీలం నేతచీర. ఉన్నదదొక్కటే. ఇప్పించండి" అని అడిగింది. నాన్న "ఏ చీర? మా పిల్ల వాళ్లమ్మ చీరతో కట్టుకుంది" అన్నాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. చీర నా పెట్టెలో ఉంది. "అమ్మాయిగారిని ఒకసారి పిలవండి" అందావిడ. నేను బయటికి రాలేదు.

తర్వాత ఉద్యోగం వచ్చింది. నాన్న పోయాడు. ఆపేవాళ్లెవరూ లేరు. ముప్పయ్యొక్క ఏళ్లు ఎవరి ఉత్తరం వాళ్లకి చేర్చాను, ఆ చీర మాత్రం చేర్చలేదు.

కాబట్టి వేదికెక్కి ఆ మాట చెప్పను. నీ సినిమా ఏమైనా కానీ, చెప్పను. నేను చెప్పుకోవలసిన చోటు వేరే ఉంది.

అత్తయ్య


పటమట
ఆగస్టు 18

అత్తయ్యా,

నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను. నీ ఉత్తరం చదవగానే నీమీద జాలి కలగలేదు. సువార్తమ్మగారి సంగతి తలపుకే రాలేదు. నా సినిమా పోయింది, అనుకున్నాను. ఉత్తరం చింపేసి, ఏమీ తెలియనట్టు మీటింగు జరిపేస్తే ఏం పోయింది అని కూడా అనుకున్నాను. నేనూ వెంకటకృష్ణారావు మనవరాలినే కదా.

తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా ఘోరం. ఆవిడ పాత్ర పెట్టి ఆ సీను మళ్లీ తీస్తే? చెట్టుకి ఇటు పిల్ల, అటు ఆవిడ, గాలికి చీర కొంగు. వెలుగు ఎటునుంచి పడాలో కాగితం మీద గీసుకున్నాను కూడా. గీశాక సిగ్గేసింది. తాతయ్య ఆవిడ చీర ఉంచేసుకున్నాడు. ఇప్పుడు నేను అడక్కుండా ఆవిడ కథ తీసుకుపోతున్నాను.

మీటింగు ఆపేశాను. "యథార్థ గాథ" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని కంపెనీవాళ్లకి రాశాను. వాళ్లు బేరం వదులుకున్నారు. వదులుకోనీ! అబద్ధాన్ని నిలబెట్టడానికి నిన్ను వేదికెక్కించబోయినదాన్ని, ఆ మాత్రం దెబ్బ నాకు పడాల్సిందే.

నువ్వు వెళ్తున్నావని నాకు తెలుసు. చీర మర్చిపోకు.

రుచిత


పామర్రు
ఆగస్టు 27

రుచీ,

వెళ్లాను. కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణించి ఆటో. చీర ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని, చెప్పవలసిన మాటలు దారి పొడుగునా వల్లెవేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

సువార్తమ్మ అరుగు మీద కూర్చుని చేటలో ఎండురొయ్యలు బాగుచేస్తోంది. జుట్టు ముగ్గుబుట్టయింది, చూపు మాత్రం అదే. నేను పేరు చెప్పబోయాను. "తెలుసులే, కూకో" అంది. నేను ఏడుస్తూ మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ ఎవరికీ తెలియకుండా దాచామనీ, ఇప్పుడు అందరికీ చెబుతాననీ అన్నాను. ఆవిడ చేట కింద పెట్టి నవ్వింది.

"ఎవరికి తెలవదే పిల్లా? మా గూడెంలో ఏ పిల్లకాయనైనా అడుగు, చెబుద్ది. నలభై ఎనిమిదేళ్ల నుంచీ చెబతానే ఉన్నా. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా ఇదే చెబుతా. మా పాస్టరుగారికి విని విని విసుగొచ్చింది. తెలవంది రోడ్డుకి అవతల మీవోళ్లకే. మీరడగలేదు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను రహస్యమనుకుని ఇన్నేళ్లు మోసింది, రోడ్డు దాటితే చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి.

ఆవిడ కొడుకే, ఆ ఏసుపాదం మాస్టారు, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. "ఏమనుకోకండమ్మా. అడుగుదామని రాలేదు. ఆ ముడి చూశాక కూర్చోలేకపోయాను" అన్నాడు. సువార్తమ్మ "నువ్వూరుకో" అని కసిరి నావైపు తిరిగింది.

"ఆ చెట్టుకాడ ఈడూ ఉన్నాడు. నాకు అయిదో నెల. పొట్ట తాడికి రాసుకుపోయి నెత్తురొచ్చింది. ముడెవరేశారని అడిగే హక్కు ఈడికి లేకపోతే ఇంకెవడికుంది?"

ఇది నాకు తెలియదు రుచీ. ఇన్నేళ్లూ చెట్టు వెనక ఉన్నది ఒక్కరే అనుకున్నాను.

చీర తీశాను. మడతల దగ్గర చిరుగులు పట్టింది. రెండు చేతులా పట్టుకుని "తప్పయిపోయింది" అన్నాను. ఫర్వాలేదని ఆవిడ అనలేదు. "నాది నాకియ్యడానికి ఇంతసేపా" అని లాక్కుంది. బకెట్టులో జాడించి వీధి వైపు దండెం మీద ఆరేసింది. పెరట్లో బట్టలారేసే తీగ ఉంది, అయినా వీధి వైపే ఆరేసింది. దారినపోయేవాళ్లు ఆగి చూస్తుంటే "ఆఁ, అదే" అని చెబుతోంది.

నీ సినిమా గూడెంలో వెయ్యమంది. నేనూ వస్తాననబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దు. ఇన్నేళ్లూ నువ్వు చెప్పావు, అందరూ విన్నారు. ఆ రోజు నేను చెప్పాలి. ఆ సినిమా పిల్లని పంపు."

కాబట్టి నువ్వెళ్లు. ఏం జరిగినా నాకోసం తగ్గించి రాయకు.

అత్తయ్య


పటమట
సెప్టెంబరు 9

అత్తయ్యా,

తగ్గించకుండానే రాస్తున్నాను.

శనివారం పొద్దుగూకగానే చర్చి పక్క ఖాళీ స్థలంలో తెల్లగుడ్డ కట్టి ఆట వేశాం. నా సినిమాకి ఇంత జనం ఎక్కడా రాలేదు. ఇంతలా ఎక్కడా నవ్వలేదు కూడా. కాటుక చూసి నవ్వారు. కుక్కల దగ్గర ఈలలు వేశారు. హీరో పడవలో రాగానే ఒక ముసలాయన "ఈడెక్కడున్నాడ్రా అప్పుడు?" అని అరిచాడు. ఉప్పెన లేచినప్పుడు మాత్రం అందరూ గప్‌చుప్‌గా అయిపోయారు. పెద్దవాళ్లు తెర చూడలేక తలలు దించుకున్నారు.

సువార్తమ్మగారు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆ నీలం చీర మడతపెట్టి భుజం మీద వేసుకున్నారు. తాటిచెట్టు సీను వచ్చింది. కెమెరా తిరగడం మొదలుపెట్టగానే ఆవిడ లేచారు. ఏసుపాదం మాస్టారు పట్టుకోబోతే విదిలించుకుని తెర దగ్గరికి నడిచారు. కెమెరా చెట్టు వెనక్కి వచ్చి ముడి చూపించేసరికి, దాని ముందు నిలబడి రెండు చేతులూ చాచారు. ఆవిడ నీడ వెళ్లి చెట్టు మీద పడింది, సరిగ్గా ఆ ఖాళీలో.

"ఆపవే!" అన్నారు. ఆపాను.

మైకు తీసుకున్నారు. "బొమ్మ బాగుంది. నీళ్లు అచ్చం అట్టాగే ఉన్నాయి. కథే అబద్ధం. ఇప్పుడు ఇనండి." ఇదే మాట పత్రికవాడు రాస్తే నాకు ఒళ్లు మండింది. ఆవిడ అంటుంటే చేతులు కట్టుకుని నిలబడ్డాను. అరగంట చెప్పారు, తెర ముందు నుంచి కదలకుండా. తాతయ్య పేరు చెప్పారు. నువ్వు తలుపు వెనక ఉన్న సంగతీ చెప్పారు. తలుపు కింద నీ పాదాలు కనిపించాయట. అక్కడే ఉన్నావని ఆవిడకి ఆ రోజే తెలుసట.

రోడ్డు అవతల మనవాళ్లు కొందరు నిలబడి విన్నారు. తాతయ్య పేరు రాగానే ఇద్దరు వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఉన్నారు.

సినిమా మార్చను, మళ్లీ తియ్యను. ఎక్కడ ఆట వేసినా ఆ చోట ఆపి, లైట్లు వేయించి, ముడి ఎవరిదో నా నోటితో చెబుతాను. వినడం ఇష్టం లేనివాళ్లు లేచిపోవచ్చు. ఇందుకు సువార్తమ్మగారిని అడిగాను. "నా పేరు పూర్తిగా చెప్పు. చీర నీలమని చెప్పు. పట్టుచీరంటే ఊరుకోను" అన్నారు.

బయలుదేరే ముందు నీ గురించి అడిగాను, మా అత్తయ్యని క్షమించారా అని. ఆవిడ భుజం మీది చీర సర్దుకున్నారు.

"అదింకా అవలేదు. క్రిస్మస్‌కి రమ్మను. అప్పుడు చాటుగా నా కంచంలో తింది. ఈసారి నలుగురిలో కూకుని తినమను, మీవోళ్లు కూడా చూసేట్టు. ఆ తర్వాత ఆలోచిద్దాం."

ఆ మాటే ఆవిడ మాటల్లో రాశాను. జవాబు రాయి. మోకాళ్ల నొప్పి అని మాత్రం రాయకు.

రుచిత